మడతల్లో చందనం లేదు

పోయిన వారం మిమ్మల్ని జనరేటర్ షెడ్డు తలుపు దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. లోపల ఏముందో చెప్పకుండా ఆపేసినందుకు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. ఆ మూడు రోజులూ నన్ను నేను తిట్టుకున్నంత మీరు తిట్టలేరు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకు నాలుగు ముక్కలు. నా పేరు కృపామణి. వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన మామిడితోటలో ఉన్న రిసార్టులో గదులు ఊడ్చే పనికి చేరి ఎనిమిదేళ్ళయింది. అక్కడి స్విమ్మింగ్ పూల్ చూసుకునే ధనంజయన్న నాకు మొదట ఈత నేర్పాడు, తర్వాత పూల్ పని నేర్పాడు. ఆదివారం మధ్యాహ్నం సేలం నుంచి వచ్చిన యాత్రికుల పాప, ఏడేళ్ళది, ఆ పూల్‌లో మునిగిపోయింది. నేను మేడ మీద వరండాలో దుప్పట్లు ఆరేస్తున్నాను. మసక నీళ్ళ అడుగున పసుప్పచ్చటి గుండు ఒకటి కదలకుండా కనబడింది. మెట్లు దిగానో దూకానో నాకు గుర్తులేదు, పాపను మాత్రం పైకి తెచ్చాను. ఇప్పుడు తిరుపతి ఆసుపత్రిలో ఉంది, గండం గడిచింది, ఇడ్లీ కూడా తిన్నదట.

నీళ్ళు అంత మసకగా ఎందుకున్నాయి, గట్టు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్న ధనంజయన్నకు ఎందుకు కనబడలేదు అన్నది మిగిలింది. మేనేజరు మునిచంద్ర సార్ జవాబు రాసేశాడు. ధనంజయ నెల రోజులుగా ఫిల్టర్ కడగలేదు, అందుకే నీళ్ళు మురికైపోయాయి అని ఒక కాగితం. బుధవారం నాలుగు గంటలకు ఓనరు యశోదమ్మ చిత్తూరు నుంచి వస్తారు, ఆ కాగితం చూస్తారు, ధనంజయన్న మీద కేసు పెట్టిస్తారు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. పెట్టనని ఊరుకోకుండా, కడగలేదని మీరు చూశారా సార్ అని అడిగాను. ఆ నోటి దూలకు నాకు దక్కింది, పూల్ దగ్గరికి పోవద్దని ఆర్డరు.

సోమవారం ఫిల్టర్ లోపలి పాత కార్ట్రిడ్జి తీసేసి కొత్తది బిగించారు. పాతది ఎక్కడ పడేశారో ఎవరూ చెప్పలేదు. దాన్ని చూస్తే తప్ప నిజం తెలియదు. కాలు కాలిన పిల్లిలా తిరిగి, ఊడ్చే వంకతో ప్రతి మూలా వెతికి, బుధవారం పన్నెండు గంటలకు ఆ షెడ్డు తలుపు తీశాను.

ఉంది. విరిగిన ప్లాస్టిక్ కుర్చీల కింద అడ్డంగా పడి ఉంది.

చూడని వాళ్ళకు చెబుతాను. కార్ట్రిడ్జి అంటే నడుమెత్తు ఉండే గుండ్రటి దిమ్మ. తెల్లటి పాలిస్టర్ గుడ్డను చీర కుచ్చిళ్ళలా వందలకొద్దీ మడతలు పెట్టి, పైనా కిందా మూతలతో బిగిస్తారు. మోటారు పూల్ నీళ్ళను లాగి ఆ మడతల్లోంచి తోస్తుంది. మురికి గుడ్డ మీద ఆగుతుంది, నీళ్ళు శుభ్రపడి వెనక్కి పోతాయి. అంతే, కాఫీ వడకట్టుకున్నట్టే.

మురికి అంటే వేరే ఊళ్ళలో ఆకులు, దుమ్ము, తలనూనె. మాకు అవి కాక ఇంకొకటి ఉంది. యాత్రికులు తిరుపతి కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని, తిరుగుదారిలో మా రిసార్టులో దిగుతారు. నీళ్ళలోకి దిగే ముందు స్నానం చేయమని మూడు భాషల్లో బోర్డు పెట్టాం. ఎవరు చేస్తారు? స్వామి దగ్గర పూసుకున్న చందనం తీసుకెళ్ళి బాత్‌రూములో కడుక్కుంటామా అని ముఖం చిట్లిస్తారు. నేరుగా పూల్‌లో దిగుతారు. అదేం భక్తో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. ఎండాకాలం సెలవుల్లో ఒక్క ఆదివారం ఎనభై గుండ్లు దిగిన రోజుంది. ఆ చందనం, చెమట, నూనె కలిసి మడతల్లో పిండిముద్దలా కూర్చుంటుంది.

దాన్ని వదిలించడం ఒక విద్య. ధనంజయన్న చెప్పిన మాటలు నాకు బైబిల్ వాక్యాల్లా కంఠతా వచ్చు. "ముందు నూనె, తర్వాత సున్నం. సోడా నీళ్ళల్లో ఒక రాత్రి నానబెట్టు, జిడ్డు ఇడస్తాది. మన బోరు నీళ్ళు ఉప్పు, గుడ్డకు సున్నం పడతాది, దానికి ఆఖర్న యాసిడ్ రవ్వంత, నీళ్ళల్లో కలిపి. యాసిడ్ ముందు పోసినావనుకో, జిడ్డు గుడ్డకే అతుక్కోని బండైపోతాది. బ్రష్ పెట్టొద్దు, నీళ్ళు గట్టిగా కొట్టొద్దు. చంటిబిడ్డకు పోసినట్టు పోయాల." అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఇంకొకటి. ఫిల్టర్ నెత్తిన గడియారం లాంటి మీటరు ఉంటుంది. గుడ్డ బాగుంటే దాని ముల్లు పది మీద ఉంటుంది, మూసుకుపోయేకొద్దీ పైకి పోతుంది. "పద్దెనిమిదికి వస్తేనే ఇప్పి కడుగు. ముల్లు సెప్పినప్పుడు కడగాల పాపా, మనసు సెప్పినప్పుడు గాదు. రవ్వంత మురికి పట్టిన గుడ్డే బాగా వడకడతాది."

ఇన్ని చెప్పిన మనిషి నెల రోజులు కడక్కుండా ఉంటాడా? నా గుండె ఒప్పుకోలేదు. కానీ గత మూడు నెలలుగా ఆయన నన్ను ఫిల్టర్ దగ్గరికి రానివ్వడం లేదు. "నువ్వు రూములు సూసుకో పో" అని కసురుతున్నాడు. తెల్లారకముందే వచ్చి ఒక్కడే ఏదో చేసుకుంటున్నాడు. నా మీద ఎందుకు కోపమొచ్చిందో తెలియక నేను లోపల్లోపల కుమిలిపోయాను. అందుకే నిజం చెప్పాలంటే, షెడ్డులో దాన్ని ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆగాను. అది నిజంగానే చందనంతో బిగుసుకుపోయి ఉంటే?

ఎత్తాను. తేలిగ్గా వచ్చింది. మురికి పట్టిన కార్ట్రిడ్జి బండరాయిలా ఉంటుంది, ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఇది చంకన పెట్టుకుని నడిచేలా ఉంది.

దుప్పట్లు ఉతికే కొళాయి దగ్గరకు మోసుకెళ్ళాను. కింద తెల్ల బకెట్టు పెట్టి, పైపు ఏటవాలుగా పట్టి, పైనుంచి కిందికి ఒక్కో మడతా విప్పుతూ నీళ్ళు వదిలాను. పచ్చటి నీళ్ళు కారతాయేమో అని బకెట్టులోకి వంగి చూశాను. తేట నీళ్ళు కారాయి. ఇంకోవైపు తిప్పాను. అవీ తేటవే. మడతల మధ్య వేలు దూర్చి గీకాను, చందనం కాదు కదా చీమ తలంత మట్టి కూడా రాలేదు. బకెట్టు నిండాక అడుగున అచ్చు వేసిన కంపెనీ అక్షరాలు చదవగలిగాను. అప్పుడు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి. కడిగాడు! మా అన్న కడిగాడు! కడగలేదని రాసినవాడి నోట్లో మన్ను పడ!

అదే ఊపులో ఒక చంకన కార్ట్రిడ్జి, ఇంకో చేత బకెట్టు పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయాను. మునిచంద్ర సార్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. యశోదమ్మ కారు గేటు దగ్గర హారన్ కొడితే చొక్కా గుండీలు తడుముకునే రకం. నేను తడి కార్ట్రిడ్జి తెచ్చి ఆయన అద్దం బల్ల మీద నిలబెట్టేసరికి కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఏయ్, ఏయ్! ఈడ పెట్టొద్దు! కాయితాలు తడిసిపోతాండాయి!"

"తడవనీండి సార్. మీరు రాసిన కాయితం తడిస్తేనే మేలు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా కృపామణీ? దీన్ని యాడ్నించి తెచ్చినావు?"

"మీరు దాచిన కాడ్నించే. నెల దినాలు కడగలేదని రాసినారే, నెల దినాలు కడగందాన్ని మీరు ఎప్పుడన్నా సూసినారా? ఇంత లావు చందనం ఉంటాది సార్ మడత మడతలో. యాడుండాది ఈడ? ఏలు పెట్టి సూడండి. పెట్టండి సార్, కరవదు."

ఆయన అటూ ఇటూ చూసి, పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు అందుకున్నంత జాగ్రత్తగా ఒక వేలు మడతలో పెట్టాడు. తీసి చూసుకున్నాడు. వాసన కూడా చూశాడు.

"నువ్వు ఇప్పుడు కడిగి తెచ్చినావు గదా. ఎట్ల నమ్మాల?"

ఆ మాట వస్తుందని తెలిసే బకెట్టు మోసుకొచ్చాను. ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. "కడిగిన నీళ్ళు ఇవే. తాగమంటే తాగతా. నెల చందనం అర గంటలో పోతాదా? సోడాలో ఒక రాత్రి నానాల. మీ కండ్ల ముందరే ఉండాది, సూడండి."

మునిచంద్ర సార్ బకెట్టు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు. గొంతు తగ్గింది. "నేనేం పగబట్టి రాయలేదమ్మా. పుస్తకం సూసి రాసినాను" అని సొరుగు లాగి పూల్ రిజిస్టరు తీశాడు.

ముల్లు ఎంత మీద ఉంది, ఎప్పుడు కడిగారు అన్నది రోజూ అందులో రాయాలి. ధనంజయన్న దస్తూరి నాకు తెలుసు, ముత్యాల్లా ఉంటుంది. జనవరి పేజీలు అలాగే ఉన్నాయి. ఫిబ్రవరిలో అక్షరాలు పెద్దవయ్యాయి. మార్చిలో గీతలు దాటి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఏప్రిల్ సగం నుంచి ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

"తాగి రాసినట్టుండాది" అన్నాడు.

"ఆయన తాగడు సార్. బీడీ కూడా ముట్టడు."

"మరి ఎందుకు రాయలేదు?"

"మరిచిపోయుంటాడు."

"నెలంతానా?"

నేను రిజిస్టరు మూసేశాను.

"సరే, కడిగినాడనే అనుకుందాం. కడిగితే నీళ్ళు ఎందుకు మసకబారినాయి? చెప్పు. యశోదమ్మ నన్ను అడిగే మొదటి మాట అదే. నాలుగు గంటల్లోపల నాకు జవాబు తెచ్చియ్యి, ఈ కాయితం నేనే చించేస్తా." చెడ్డవాడు కాదని అందుకే అన్నాను.

గెలిచానని సంబరపడుతూ వచ్చినదాన్ని, వెళ్ళేటప్పుడు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాను. అప్పటికి ఒకటిన్నర. కార్ట్రిడ్జిని దుప్పట్ల దండెం పక్కన గట్టు మీద పెట్టాను. కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. తెచ్చుకున్న సద్ది విప్పి మళ్ళీ మూసేశాను. కడిగితే ఎందుకు మసకబారాయి? కడిగితే ఎందుకు? ఆ ప్రశ్న చెవిలో దోమలా తిరుగుతుంటే కార్ట్రిడ్జిని మళ్ళీ ఎత్తి, ఈసారి ఎండకు అడ్డంగా పట్టుకున్నాను.

మడతల్లోంచి ఎండ కనబడింది.

కనబడకూడదు. మంచి గుడ్డ వెలుతురును మెత్తగా, పాలలా చూపిస్తుంది. ఇందులో సన్నటి చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది. ఒక మడత విప్పి దగ్గరగా చూశాను. గుడ్డ నూగు లేచి పాత తువ్వాలులా ఉంది. పైనుంచి కిందికి నిలువు గీతలు. ఒక మడత మూలలో రాగి రంగు తీగ ముక్క ఇరుక్కుని ఉంది, తీగె బ్రష్‌లోంచి ఊడినది. ముక్కు దగ్గర పెట్టుకుంటే యాసిడ్ ఘాటు. కడక్క కాదు, కడిగి కడిగి దీన్ని చంపేశారు. చిల్లులు పడిన జల్లెడలా అయ్యాక చందనం దీనికెలా పడుతుంది? అంతా తిరిగి నీళ్ళలోకే పోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవడో ఉన్నాడు అనుకున్నాను. ధనంజయన్న లేనప్పుడు ఎవడో పనికిమాలినవాడు వచ్చి బాత్‌రూము బండలు తోమినట్టు తోమాడు. వాడు దొరకాలి, గుడ్డ కాదు, వాడి వీపు తోముతాను. అలా తిట్టుకుంటూ ఉండగానే వెనక గేటు చప్పుడైంది.

ధనంజయన్న. మేనేజరు పనిలోకి రావద్దని చెప్పినా వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, భుజాన తువ్వాలు. ప్రహరీ గోడ మీద ఎడమ చెయ్యి ఆనించి, గోడ వెంబడే నడిచి వస్తున్నాడు. ఎండకు తల తిరుగుతోందేమో అనుకుని ఎదురెళ్ళాను.

"ఎవరూ?" అన్నాడు నాలుగడుగుల దూరం నుంచి.

"నేనే అన్నా, కృపను."

"నువ్వా పాపా. ఇంట్లో కూసోలేకపోతాండా. మూడు దినాలుగా అన్నం దిగలేదు. ఆ బిడ్డ ఎట్లుండాది?"

"బాగుండాది. ఇడ్లీ తినిందంట." ఆయన రెండు చేతులూ ఎత్తి కొండ వైపు దండం పెట్టాడు. అప్పుడు చూశాను ఆ వేళ్ళు. కొసలు తెల్లగా ఉబ్బి, పొరలు పొరలుగా చర్మం లేచిపోయి ఉన్నాయి. మా పనిలో ఆ వేళ్ళు ఎలా వస్తాయో నాకు తెలుసు. రోజూ యాసిడ్‌లో పెడితే వస్తాయి.

"పాతది దొరికింది అన్నా" అన్నాను ఎలాగో. "శుభ్రంగా ఉండాది. మీరు కడిగినారని మేనేజరుకు సూపించినాను."

"కడగకేం!" ఆయన గొంతులో మూడు రోజుల అవమానం పొంగింది. "దినామూ కడిగినాను. పొద్దున్నే వచ్చి ఒకసారి, రూములన్నీ పడుకున్నాక ఒకసారి. ఎంత కడిగినా నీళ్ళు తేటబడలేదు పాపా. సోడాతో పోలేదు, యాసిడ్ పోసినాను. దాంతో పోలేదు, తీగె బ్రష్ పట్టినాను. ఈ సమ్మర్లో చందనం అట్లుండాది మరి. నాకే ఇదెప్పుడూ ఎదురుగాలేదు."

"ముల్లు ఎంత మీద ఉండె అన్నా?"

ఆయన తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "కొత్తదన్నా పని చేస్తాండాదా సూద్దాం పా" అని పూల్ వైపు నడిచాడు.

నేను వెనకే నడిచాను. నన్ను అటు పోవద్దన్నారని కూడా మరిచిపోయాను. కొత్త కార్ట్రిడ్జి బిగించి రెండు రోజులు మోటారు ఆపకుండా తిప్పారు, ఆదివారం నుంచి ఒక్క మనిషి దిగలేదు. మొదటిసారి మళ్ళీ ఆ నీళ్ళు చూశాను. అద్దంలా ఉన్నాయి. నీళ్ళున్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. నాలుగున్నర అడుగుల లోతున నీలం టైల్స్ మధ్య సందులు లెక్కపెట్టొచ్చు. అడుగున నీళ్ళు లాగే జాలీ పక్కనే ఎర్రటి ప్లాస్టిక్ గాజు ఒకటి పడి ఉంది, చిన్నది, ఏడేళ్ళ చేతికి పట్టేది. నేను ఆ పాపను పైకి లాగినప్పుడు జారిపోయి ఉంటుంది.

ధనంజయన్న గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్ళను అటు నుంచి ఇటు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"సూసినావా? కొత్తది ఏసినా ఇంతే. మజ్జిగ మాదిరి ఉండాయి. నేను సెప్పలా, ఇది మామూలు చందనం గాదని? పా పాపా, ఫిల్టర్ ఇప్పుదాం. యశోదమ్మ వచ్చేలోపల ఒకసారి కడిగేద్దాం."

నేను మేడ వైపు తిరిగి చూశాను.

ఆదివారం నేను మేడ మీది నుంచి చూశాను. మేడ మీది నుంచి, అంత దూరం నుంచి నాకు పచ్చటి గుండు కనబడింది. ఆయన కుర్చీ పాపకు నాలుగడుగుల్లో ఉంది. మూడు రోజులుగా ఊళ్ళో అందరినీ నిలదీసిన నేను ఈ ఒక్క లెక్క వేసుకోలేదు.

"అన్నా," అన్నాను, "అడుగున ఏముండాది?"

"కనపడేటట్టుంటే గదా సెప్పేది."

"గాజు ఉండాది అన్నా. జాలీ పక్కన. ఎండలో మెరస్తా ఉండాది."

ఆయన వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళకు దగ్గరగా ముఖం పెట్టాడు. మామిడితోటలో ఎవరో కాయలు దులుపుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"నీళ్ళు తేటగా ఉండాయా పాపా?" అన్నాడు. అడిగిన గొంతు ఆయనది కాదు.

"ఉండాయన్నా. శానా తేటగా ఉండాయి."

"నాకు కండ్లకేం? నేను బాగుండా..." అని ఆగిపోయాడు. గట్టు మీద చతికిలబడ్డాడు. నేను పక్కన కూర్చుని ఆయన ముఖం నా వైపు తిప్పుకున్నాను. ఎండ కళ్ళలో పడింది. రెండు నల్లగుడ్ల మీదా బూడిద రంగు పొర. రోజూ చూసే ముఖమే, నేను ఒక్కనాడూ చూడలేదు.

"ఇంట్లో పొగనుకున్నాను" అన్నాడు మెల్లగా. "రోడ్డు మీద దుమ్మనుకున్నాను. ఈడికొస్తే చందనమనుకున్నాను. నువ్వు పక్కనుంటే నీళ్ళు తేటబడలేదని నవ్వతావని నిన్ను రానీలేదు. ముల్లు కనపడక మనసు సెప్పినట్టు కడిగినాను. నీకు సెప్పిన మాట నేనే తప్పినాను పాపా."

"పొర అన్నా, అంతే! శుక్లాలు. ఆపరేషన్ చేస్తే వారంలో బాగయిపోతాది. మా అత్తకు చేసినారు, ఇప్పుడు బియ్యంలో రాళ్ళేరతాండాది."

"పొర తీస్తారు. ఆదివారాన్ని తీస్తారా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏడవలేదు. నా భుజం తట్టాడు, ఈత నేర్పేటప్పుడు నీళ్ళు మింగి దగ్గుతుంటే తట్టినట్టే. "ఏడవగాకు. ఒక మాట ఇయ్యి నాకు. ఇది నువ్వు సెప్పొద్దు. నా నోటితో నేనే సెప్తా, ఆయమ్మ వస్తానే సెప్తా. ఇంకొకరు సెప్తే గుడ్డోడంటారు. నేను సెప్పుకుంటే ధనంజయ అంటారు." చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఇవ్వక ఏం చేయను?

చిరిగిన గుడ్డ సంగతి మాత్రం వెళ్ళి మునిచంద్ర సార్‌కు చెప్పాను. ఎక్కువ కడగడం వల్ల పోయిందన్నాను. తక్కినది ధనంజయన్నే చెబుతాడన్నాను.

నాలుగు కాకముందే కారు వచ్చింది. యశోదమ్మ అరవై దాటిన మనిషి, చిన్న అంచు నేత చీర, పెద్ద గొంతు. ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, ధనంజయన్న తలుపు పక్కన.

మునిచంద్ర సార్ చెమట తుడుచుకుని, మాట నిలబెట్టుకున్నాడు. ఆ కాగితం ఆవిడ ముందే రెండు ముక్కలు చేశాడు. "నేను తప్పు రాసినానమ్మా. కడగకపోవడం కాదు, ధనంజయ దినానికి రెండుసార్లు కడిగినాడు. కడిగి కడిగి గుడ్డ అరిగిపోయి నీళ్ళు మసకబారినాయి. ఇదిగో, సూడండి" అని కార్ట్రిడ్జిని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు.

యశోదమ్మ లేచి వచ్చి గుడ్డ తడిమారు. తర్వాత ధనంజయన్న చేతులు పట్టుకుని ఆ వేళ్ళు చూశారు. ఆవిడ ముఖం మెత్తబడింది.

"ఇట్ల పని చేసే మనిషి మీదనా కేసు పెట్టాలంటిరి?" అన్నారు. "ఏం ధనంజయా, దినానికి రెండుసార్లు ఎందుకప్పా?"

ఇప్పుడే, అనుకున్నాను. చెప్పు అన్నా. ఇప్పుడే.

ధనంజయన్న పెదవులు కదిలాయి. "నీళ్ళు..." అన్నాడు. "నీళ్ళు తేటగా ఉండాలని అమ్మా."

ఆగిపోయాడు. ఇంకో మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"ఇట్లాంటోడు యాడ దొరుకుతాడు!" యశోదమ్మ చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "మునిచంద్రా, రేపు తెల్లారి పూల్ తెరిపించు. కాంచీపురం నుంచి బడి పిల్లోళ్ళు నలభై మంది కొండకు పోయి ఈడికే వస్తాండారు. పదేండ్లు దాటినోళ్ళు లేరంట. ఒక పాపకు అయినట్టు ఇంకొకరికి కాకూడదు. ఇంకెవరినీ నేను నమ్మను. ధనంజయా, గట్టు మీద కుర్చీలో నువ్వే కూసోవాల. కన్ను పక్కకు తిప్పకూడదు, తెలిసిందా?"

నలభై మంది. నలభై కొత్త గుండ్లు.

"అట్నేనమ్మా" అన్నాడు ధనంజయన్న.

నేను ఆయన వైపు చూశాను. ఆయనా నా వైపే చూస్తున్నాననుకుని, నాకు రెండడుగుల పక్కనున్న ఇనుప బీరువాను చూస్తూ, మాట గుర్తుంది కదా అన్నట్టు చిన్నగా తల ఊపాడు.

"ఏం కృపామణీ, అట్ల మాను మాదిరి నిలబడినావు?" యశోదమ్మ నవ్వారు. "మీ అన్న గెలిచినాడు గదా. ఏమన్నా సెప్పాలా?"

ఇచ్చిన మాట కుడిచేతిలో ఇంకా వెచ్చగా ఉంది. ఎడమచేతిని కొంగు ముడి మీద పెట్టాను. ఆఫీసుకు వచ్చే ముందు నీళ్ళలో దిగి తీసిన ఎర్రగాజు అందులో ఉంది.

ముడి విప్పి, గాజు తీసి, ధనంజయన్న ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను.

"అమ్మా," అన్నాను, "ఇది ఏం రంగో మా అన్నను అడగండి."